మూలలో గిటార్ యాంప్, ఐదో తీగ ఒక్కటే గుమ్మంటోంది: జరపాలా, బేస్ తగ్గిస్తే సరిపోతుందా?

హబ్సిగూడ_ఆరుతీగలు
మా బెడ్‌రూమ్ 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. శ్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. ఇటుక గోడలు, కింద టైల్స్. ఖాళీ అక్కడే ఉందని 12 అంగుళాల స్పీకర్ ఉన్న 40 వాట్ల గిటార్ కాంబో (స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉండే) యాంప్‌ని మూలలో నేల మీద పెట్టాను. ఐదో తీగ ఓపెన్‌గా (మెడ మీద ఎక్కడా నొక్కకుండా) కొడితే చాలు, గదంతా గుమ్మంటుంది, బీరువా తలుపు గజగజలాడుతుంది. ఆరో తీగ అంతకంటే కింది స్వరమే కదా, దాంతో ఈ గొడవ లేదు! ఒక ఫ్రెండ్ యాంప్ జరపమంటాడు, ఇంకొకడు బేస్ నాబ్ తిప్పితే చాలంటాడు, నేర్పే మాస్టారు ఈక్యూ పెడల్ (ఒక్కో స్వరస్థాయిని విడిగా పెంచి తగ్గించేది) కొనమంటున్నారు. డబ్బులు పెట్టేముందు మీ మాట వినాలని అడుగుతున్నా.

బందరు_బారేకార్డ్
దీనికింత ఆలోచన ఎందుకు తమ్ముడూ? మూలలో పెడితే బేస్ పెరుగుతుంది, ఎవరైనా చెప్తారు. నాబ్ 7లో ఉంటే 4కి దించు. యాంప్ ఎక్కడుంటే ఏంటి, చెవికి వచ్చేది బేస్ ఎక్కువగా వస్తోంది, తగ్గించు. అయిపోయింది. ఇరవయ్యేళ్లుగా వాయిస్తున్నా, ఏ రోజూ టేపు పట్టుకుని గది కొలవలేదు.

మిక్సర్_అక్క
బందరు గారూ, మూల సంగతి మీరు చెప్పింది నిజమే. నేల, ఒక గోడ, రెండో గోడ... ఒక్కొక్కటి దగ్గరయ్యేకొద్దీ కింది స్వరాలు సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. నిజం గదిలో అంత రాదనుకోండి. కానీ అలా పెరిగితే ఆరో తీగ కూడా పెరగాలి కదా? ఈ అబ్బాయి ఒక్క తీగే అంటున్నాడు. అసలు విషయం అక్కడుంది.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. అలాంటి గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ఒక అల నిలబడిపోతుంది, అంటే ఆ స్వరం గదిలో ఉబ్బి మోగుతుంది, దానికి రెట్టింపు 112 దగ్గర ఇంకొకటి. ఐదో తీగ, అంటే ‘ఏ’ స్వరం, ఎంత? 110. పైగా నేలకీ శ్లాబుకీ మధ్య కూడా 10 అడుగులే, కాబట్టి అదే 112 రెండోసారి వచ్చి కూర్చుంది. ఆ గది ‘ఏ’ స్వరానికి శ్రుతి చేసిన డప్పులా తయారైంది. 12 అడుగుల వైపు 94 వస్తుంది, దానివల్ల ఆరో తీగ రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్ దగ్గర కాస్త ఉబ్బుతూ ఉండాలి. చూసి చెప్పు తమ్ముడూ.

నాబ్ తగ్గిస్తే ఐదో తీగతో పాటు ఆరో తీగ, నాలుగో తీగ అన్నీ పలచనవుతాయి. ఒక్కరికి జ్వరమొస్తే ఇంట్లో అందరికీ మాత్ర వేసినట్టు.

హబ్సిగూడ_ఆరుతీగలు
అక్కా, ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర నిజంగానే కొంచెం ఉబ్బుతోంది! ఇన్నాళ్లూ నా చెయ్యి బాగాలేదనుకున్నా.

డాలస్_డ్రాప్‌డీ
ఇక్కడ నాకో వింత. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మూలలో పెడితే ఇదే బాధ. డాలస్‌లో ఇంచుమించు అంతే గది, యాంప్ అదే తరహాది, మళ్లీ మూలలోనే ఉంది, గుమ్మనడం చాలా తక్కువ. ఇక్కడి ఇళ్లలో గోడంటే చెక్క ఫ్రేముకి కొట్టిన జిప్సమ్ బోర్డు. లోపల డొల్ల. 125 హెర్ట్జ్ దగ్గర అలాంటి గోడ తగిలిన శబ్దంలో నూటికి దాదాపు 30 వంతులు మింగేస్తుంది. మన సిమెంటు పూత ఇటుక గోడ ఒకటో మూడో వంతులు, అంతే. అందుకే అమెరికా వాళ్లు యూట్యూబ్‌లో ‘మూలలో పెట్టండి, సౌండ్ నిండుగా ఉంటుంది’ అంటే విని మన ఇటుక గదుల్లో చేస్తే దెబ్బతింటాం.

గుంటూరు_గెయిన్
గోడలకి గుడ్ల ట్రేలు అంటించండి, మా బ్యాండ్ రూమ్‌లో అదే చేశాం.

మిక్సర్_అక్క
గెయిన్ గారూ, ఏమీ అనుకోవద్దు, 110 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్ల పైనే. దాని ముందు గుడ్ల ట్రే ఎంత? పై స్వరాల గోల కాస్త తగ్గుతుంది, దాంతో గుమ్మనేది ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది.

తమ్ముడూ, ఖర్చు లేని పని చెప్తా. 112 అల గోడ దగ్గర, గది మధ్యలో బలంగా ఉంటుంది. గోడ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే రెండున్నర అడుగుల దగ్గర, సున్నా. స్పీకర్ అక్కడుంటే ఆ అలని పెద్దగా లేపలేదు. ఎత్తుకీ అదే లెక్క. 18 అంగుళాల స్టూల్ మీద యాంప్ పెడితే స్పీకర్ కోన్ మధ్యభాగం నేల నుంచి సుమారు 28 అంగుళాల ఎత్తుకి వస్తుంది. రెండున్నర అడుగులంటే 30. చాలు. కాకపోతే ప్లాస్టిక్ స్టూల్ వద్దు, చెక్కదే పెట్టు.

బందరు_బారేకార్డ్
సరే అక్కా, లెక్క ఒప్పుకున్నా. కానీ రెండు సందేహాలు. ఒకటి, యాంప్‌ని జరిపారు, మరి వినే మనిషి? మంచం గోడకి ఆనించి ఉంటే, దాని మీద వెనక్కి వాలి వాయిస్తే, తల సరిగ్గా గోడ దగ్గరే ఉంటుంది. ఆ అల అక్కడ బలంగా ఉంటుందని మీరే అన్నారు. అలాంటప్పుడు యాంప్ ఎక్కడ పెట్టినా లాభం సగమే.

రెండోది, రాత్రి పూట మెల్లగా వాయించేవాళ్ల సంగతి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే గీతలు గీసి చూపించారు. ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న చిన్న ప్రాక్టీస్ యాంప్‌ని పక్కింటివాళ్లకి భయపడి మెల్లగా వాయిస్తుంటే, మూలలో పెడితేనే దానికి ప్రాణం వస్తుంది. గది మధ్య స్టూల్ మీద పెట్టి చూడండి, డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుంటుంది. కాబట్టి ‘మూల తప్పు’ అని ఎవరూ తీర్మానం చేయొద్దు.

మిక్సర్_అక్క
రెండూ సరైన మాటలే. మొదటిది నేను ముందే చెప్పాల్సింది. తమ్ముడూ, మంచం దిగి కుర్చీలో కూర్చో, తల గోడకి రెండున్నర అడుగులు ఎడంగా ఉండేలా చూసుకో.

ఫంక్షన్‌హాల్_లీడ్
మీరంతా బేస్ గురించే మాట్లాడుతున్నారు. స్టూల్ మీద పెడితే అసలు తేడా పై స్వరాల్లో, అంటే ట్రెబుల్‌లో. 12 అంగుళాల కోన్ నుంచి 1,100 హెర్ట్జ్ దాటాక శబ్దం టార్చిలైటులా ముందుకే పోతుంది. నేల మీద పెడితే ఆ వెలుగు మన మోకాళ్లకి తగులుతుంది. మనకి మసకగా వినిపిస్తోందని ట్రెబుల్ పెంచుతాం, ముందు వరసలో కూర్చున్నవాళ్ల చెవుల్లో సూదులు దిగుతాయి. ఒక పెళ్లి రిసెప్షన్‌లో నేను సరిగ్గా అదే చేశాను. పెళ్లికూతురి మేనమామ వచ్చి ‘బాబూ, సన్నాయి వాళ్లే నయం’ అన్నాడు. ఫెండర్ ట్విన్ రివర్బ్‌కి పక్కల మడతకాళ్లు ఊరికే పెట్టలేదు, యాంప్‌ని వెనక్కి వాల్చి మన మొహం వైపు తిప్పడానికి. అవి లేనివాళ్లం ముందు అంచు కింద చెక్కముక్క పెట్టేవాళ్లం. స్టేజీ కింద డొల్లగా ఉంటే మాత్రం కచ్చితంగా కుర్చీ. లేకపోతే ప్లైవుడ్ మొత్తం స్పీకరే.

గుంటూరు_గెయిన్
రికార్డింగుల్లో ఇవేవీ చూడరు కదా?

ఫంక్షన్‌హాల్_లీడ్
షూర్ ఎస్ఎం57 మైకుని స్పీకర్ ముందున్న గుడ్డకి అంగుళం దూరంలో పెడితే గది మాట దాదాపు వినపడదు. ఆ మైకు నీ చెవి కాదు. నువ్వు వినేది గదిని.

డాలస్_డ్రాప్‌డీ
ఒక చిన్న అడ్డుమాట. ఆ యాంప్ వెనక తెరిచి ఉందా, మూసి ఉందా? వెనక తెరిచి ఉంటే కోన్ వెనక నుంచి వచ్చే అల ఉల్టాగా వస్తుంది, గోడకి తగిలి ముందుకొచ్చి కొన్ని స్వరాలని తినేస్తుంది, కొన్నిటిని పెంచుతుంది. గోడకి అంటించిన ఓపెన్ బ్యాక్, ఒక అడుగు జరిపిన ఓపెన్ బ్యాక్ రెండు వేరే యాంపులనిపిస్తాయి.

హబ్సిగూడ_ఆరుతీగలు
వెనక సగం తెరిచే ఉంది. ఇదీ రిపోర్టు. చెక్క స్టూల్ పక్కింటి ఆంటీ దగ్గర తెచ్చాను. యాంప్ రెండు గోడలకీ రెండున్నర అడుగులు ఎడంగా పెట్టి, నేను కుర్చీలో కూర్చున్నా. ఐదో తీగ లొంగింది. పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు మిగతా తీగల మధ్య ఒక తీగలా ఉంది. ట్రెబుల్ మాత్రం మొహం మీద కొట్టినట్టు ఉంది, 6 నుంచి 4కి తెచ్చాను. బేస్ నాబ్ ముట్టుకోలేదు. బందరు అన్నా, రాత్రి మెల్లగా వాయిస్తే నువ్వన్నట్టు పలచగానే ఉంది. అందుకే రాత్రికి మళ్లీ మూలకి తోసి, పొద్దున జరుపుతున్నా.

మా అమ్మ గొడవ వేరే. నడిచే దారిలో స్టూల్ ఏంటి అంటోంది. ఇంకోటి, బీరువా తలుపు మూడో తీగ రెండో ఫ్రెట్ దగ్గర ఇంకా మోగుతోంది. అదీ ‘ఏ’నే, రెట్టింపు, 220. దీనికేం చేయాలి?

బందరు_బారేకార్డ్
పేపరు నాలుగు మడతలు పెట్టి తలుపు సందులో దోపు. దీనికి మాత్రం టేపు తీయకు.