“నిద్ర పట్టడం లేదా?” అన్న ప్రశ్నకు “లేదు” అంటే ఏమిటి?

ప్రశ్న:
మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి ఒకరు తన తెలుగు ప్రశ్నావళిని చూసిపెట్టమన్నారు. అందులో “మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా?” అని ఉంది. కింద రెండు గడులు: అవును, లేదు. రెండో గడిలో టిక్కు పెడితే నిద్ర లేదన్నట్టా, నిద్రకు లోటు లేదన్నట్టా? “లేదు” తీసి “కాదు” పెడితే సరిపోతుందా?

జవాబు:
సరిపోదండీ. “రాలేదా?” అని అడిగితే “అవును, రాలేదు” అంటాం. అక్కడ “అవును” అడిగినవారి మాటను ఒప్పుకుంటుంది. “లేదు” మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెడుతుంది: “లేదు, రాలేదు” అనీ అంటాం, “లేదు, వచ్చాడు” అనీ అంటాం. ఎదురుగా మనిషి ఉంటే తరువాతి మాట అర్థం తేల్చేస్తుంది. గడిలో ఆ తరువాతి మాట ఉండదు. పైగా నిద్ర పట్టనివారిలోనే, ఇంగ్లీషు పద్ధతి అలవాటైనవారు “లేదు”కు, ఆ అలవాటు లేనివారు “అవును”కు టిక్కు పెట్టవచ్చు. ఇక “కాదు” అన్నది “మీరు డాక్టరా?” లాంటి ప్రశ్నకు నప్పుతుంది కానీ నిద్రకు అతకదు.

అసలు మనం అవును, కాదులతో సరిపెట్టేది తక్కువ. “భోంచేశారా?” అంటే “చేశాను” అంటాం, క్రియనే తిప్పి చెబుతాం. గడుల్లోనూ క్రియనే అచ్చు వేయించండి: “బాగానే పట్టింది”, “సరిగా పట్టలేదు”. ఇంకా మంచిది, లెక్క అడగడం. “గత రెండు వారాల్లో ఎన్ని రోజులు నిద్ర పట్టక ఇబ్బంది పడ్డారు?” అని అడిగి, ఒక్క రోజూ లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతి రోజూ అని ఇవ్వవచ్చు. మానసిక కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఈ తీరులోనే అడుగుతుంది. “తరచుగా” అని వదిలేస్తే ఎవరి తరచు వారిది.

ఇంకొకరు:
ఈ చిక్కు తెలుగుకే కాదు. 1992లో అమెరికాలో రోపర్ సంస్థ చేసిన సర్వేలో, నాజీలు యూదులను చంపడం అసలు జరగనే లేదన్నది సాధ్యమా, అసాధ్యమా అని అడిగారు. 22 శాతం మంది “సాధ్యమే” అన్నారు. దేశమంతా గగ్గోలు. 1994లో ప్రశ్నను సూటిగా మార్చి అడిగితే అది సుమారు 1 శాతానికి పడిపోయింది. రెండేళ్లలో జనం మారిపోలేదు, వాక్యంలోని మెలిక పోయిందంతే.

మరొకరు:
అలాగని వ్యతిరేక వాక్యాలన్నీ తీసేయమంటారా? ఏమడిగినా తల ఊపేవారిని ఎలా పట్టుకుంటారు? 1965 నాటి రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ మాపనంలో పది వాక్యాల్లో అయిదు వ్యతిరేక దిశలో ఉన్నది అందుకే కదా.

జవాబు:
వ్యతిరేక దిశ ఉండాలి, దానికి “లేదు” అక్కర్లేదు. “నాలో మంచి గుణాలు లేవు” అన్న వాక్యాన్ని ఒప్పుకోనని చెప్పాలంటే మనసులో రెండు మెలికలు తిప్పుకోవాలి. “నాలో లోపాలే ఎక్కువ” అంటే ఆ పాట్లు ఉండవు. ఏదైనా సరే, పదిమందికి చదివి వినిపించి, “మీకేమని అర్థమైంది?” అని వారి మాటల్లోనే చెప్పించుకోవాలి. ఇంగ్లీషు నుంచి తెచ్చిన ప్రశ్నలైతే వాటిని తిరిగి ఇంగ్లీషులోకి అనువదించి సరిచూసుకోవడం మంచిదే కానీ, ఈ రకం తికమక దానికి చిక్కదు. “లేదా?” ఇంగ్లీషులోకి చక్కగానే వెళ్లిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
సంతోషం. అదే విద్యార్థి తరగతి గదిలో పిల్లలను గమనించే పట్టికలో “అల్లరి చేశాడు” అని ఒక వరుస పెట్టారు. అదీ మార్చాలా?

జవాబు:
తప్పకుండా. ఒక టీచరుకు అల్లరి అయినది ఇంకొకరికి హుషారు. “అనుమతి లేకుండా బల్ల దగ్గరి నుంచి లేచాడు”, “పక్కవారి వస్తువు లాక్కున్నాడు” అని కంటికి కనిపించేది రాయాలి. ఇద్దరు పరిశీలకులు విడివిడిగా నమోదు చేయాలి. వారి పట్టికలు 82 శాతం కలిశాయని మురిసిపోవద్దు. ఇద్దరూ 90 శాతం గడుల్లో “కూర్చున్నాడు” అని, మిగతా వాటిలో “లేచాడు” అని కళ్లు మూసుకుని రాసినా సగటున అంతే కలుస్తాయి. ఆ కాకతాళీయాన్ని తీసేసి లెక్కకట్టడానికే 1960లో మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ “కప్పా” అనే సూచికను ఇచ్చారు. ఈ ఉదాహరణలో అది సున్నా.