సీబీడీ, సీబీజీ, సీబీఎన్: నొప్పికీ నిద్రకూ ఏది పనికొస్తుంది?

కృష్ణాతీరం (డాలస్):
మా అమ్మగారికి అరవై ఎనిమిదేళ్లు, గుంటూరులో ఉంటారు. మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతున్నారు. ఇక్కడి దుకాణంలో గంజాయి మొక్క నుంచి తీసినవే అయినా మత్తెక్కించవని చెప్పే గమ్మీలు (నమిలే మిఠాయిలు) అమ్ముతున్నారు. ఆ మొక్క రసాయనాల పేర్లతో నొప్పికి సీబీడీ, పగటి హుషారుకు సీబీజీ, నిద్రకు సీబీఎన్ అని మూడు రంగుల డబ్బాలు పెట్టారు. వచ్చే నెల దుబాయ్ మీదుగా ఊరెళుతున్న మా తమ్ముడి చేత ఒక డబ్బా పంపుదామనుకుంటున్నాను. ఈ మూడింటికీ నిజంగా అంత తేడా ఉందా? అమ్మగారికి గుండె కవాటం మార్చినందువల్ల రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు.

మందులచీటీ:
మీరు చివర రాసిన వాక్యమే అన్నిటికన్నా ముఖ్యమైనది. నేను ఫార్మసిస్టును. వార్ఫరిన్‌ను విడగొట్టే కాలేయపు ఎంజైముల పనిని సీబీడీ మందగింపజేస్తుంది కాబట్టి, అదే మోతాదు మాత్ర వేసుకుంటున్నా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) పెరిగిపోయి రక్తస్రావం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. గుండె వైద్యుడిని అడగకుండా ఒక్క గమ్మీ కూడా ఇవ్వవద్దు.

ఇక తేడాల సంగతి. మొక్కలో మొదట తయారయ్యేది సీబీజీ ఆమ్లరూపం. మత్తెక్కించే టీహెచ్‌సీకీ, సీబీడీకీ మూలం అదే. మొక్క ముదిరేసరికి అది వాటిగా మారిపోవడం వల్ల సీబీజీ మిగిలేది బహు స్వల్పం, అందుకే దాని ధర ఎక్కువ. పగటి హుషారు అన్నది డబ్బా మీది మాట. దాని మీద ఉన్న పరిశోధనలో అధికభాగం ఎలుకల మీదా, గాజు పాత్రల్లోనూ జరిగినదే. సీబీఎన్‌ను మొక్క నేరుగా తయారుచేయదు. ఆ టీహెచ్‌సీయే గాలికీ వెలుతురుకూ పాతబడి సీబీఎన్‌గా మారుతుంది. పాత సరుకు తాగితే నిద్ర ముంచుకొస్తుందన్న నమ్మకం నుంచే దానికి నిద్రమందు అన్న పేరు వచ్చి ఉంటుందని నా అనుమానం. పైగా దానికి స్వల్పంగా మత్తు గుణం ఉంది కాబట్టి ‘మత్తు బొత్తిగా లేనిది’ అనడం కూడా సరికాదు.

పసుపుగడప:
గట్టి రుజువు ఉన్నది సీబీడీకే, అదీ మూర్ఛ విషయంలోనే. లెనాక్స్-గాస్టో, డ్రావే అనే మొండి మూర్ఛలకు 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌ను మా అబ్బాయి వాడుతున్నాడు. నువ్వుల నూనెలో కలిపిన, స్ట్రాబెరీ వాసన వచ్చే ద్రవం అది. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల పిల్లవాడికి కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా సిరంజితో నోట్లో పోస్తాము. అంటే రోజుకు 200 మిల్లీగ్రాములు. మీ గమ్మీలో 25 మిల్లీగ్రాములు ఉంటుందేమో చూడండి. క్లోబజాం అనే మరో మూర్ఛ మాత్రతో కలిపినప్పుడు వాడు పగలంతా జోగుతుంటే వైద్యురాలు ఆ మాత్ర తగ్గించారు. కాలేయ పరీక్షలు కూడా క్రమం తప్పకుండా చేయిస్తారు. మోకాళ్ల నొప్పికి ఈ స్థాయి అనుభవం ఎక్కడా లేదు.

న్యాయపథం:
గమ్మీలను పెట్టెలో పెట్టి పంపడం మానుకోండి. యూఏఈలో సీబీడీ ఉత్పత్తులు నిషిద్ధం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పూత కంకులను గంజాయిగా లెక్కిస్తుంది, ఆకును ఆ నిర్వచనంలో చేర్చలేదు. విజయ (గంజాయి మొక్కకు ఆయుర్వేదంలో పేరు) పేరుతో వైద్యుల చీటీ మీద దొరికే ఆయుర్వేద మందులకు ఆ ఆకే ఆధారం. కాని ఆకు సారంలోనూ టీహెచ్‌సీ ఉండవచ్చు. డబ్బా మీది రాతనూ నమ్మలేము: 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులను పరీక్షిస్తే 26 మాత్రమే రాసినంత మోతాదుతో ఉన్నాయి, 18లో టీహెచ్‌సీ కనిపించింది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే నిద్ర డబ్బా తిప్పి చూశాను: అడుగున చిన్న అక్షరాలలో ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని ఉంది, అంటే టీహెచ్‌సీ ఆనవాళ్లు ఉండవచ్చన్నమాట. డబ్బాను తిరిగి ఇచ్చేస్తున్నాను. నొప్పి, నిద్ర రెండింటి గురించీ సోమవారం అమ్మగారి గుండె వైద్యుడితో మాట్లాడమని మా తమ్ముడికి చెప్పాను.