సన్నం లాప్‌టాప్ కొంటే పోర్టులు వదులుకోవాల్సిందేనా?

పొందూరు పంచె (ఆదివారం, రాత్రి 9:40)

మొన్న గురువారం చీపురుపల్లి వైపు ఒక కాలేజీలో పాఠం చెప్పమంటే వెళ్లాను. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చిన కొత్త లాప్‌టాప్ పట్టుకెళ్లాను. చేతిలో పలకలా ఉంటుంది. ఎడమ పక్క రెండు టైప్-సీ పోర్టులు, కుడి పక్క ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిల్లు, అంతే. అక్కడ ప్రొజెక్టర్ నుంచి గోడమ్మట దిగిన వైరు చూస్తే నీలం మూతి వీజీఏ. నా సంచిలో ఉన్న కన్వర్టర్ ఏమో హెచ్‌డీఎమ్‌ఐది. అరవై మంది పిల్లలు, ప్రిన్సిపాల్ గారు, నేను, అందరం ఆ రెండు మూతుల కేసి చూస్తూ నిలబడ్డాం. ఇరవై నిమిషాలయ్యాక అటెండరు లోపల్నుంచి ఒక లావుపాటి పాత లాప్‌టాప్ మోసుకొచ్చాడు. సరే, నా స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అందులో పెడదామంటే, పెన్‌డ్రైవ్ పట్టే పోర్టు నా దాంట్లో లేదు. చివరికి నాకు నేనే మెయిల్ పంపుకున్నాను.

ఇప్పుడు మా ఆవిడకి ఒకటి కొనాలి. తనూ టీచరే. డెబ్బై వేల లోపు. షాపులో ఏది అడిగినా ముందు "ఎంత సన్నమో చూడండి సార్" అంటున్నారు. మా ఊరి ఖద్దరూ సన్నదనానికే పేరు, వాలుగ చేప దవడతో దూది దువ్వి మరీ నూలు తీస్తారు. అయినా సన్నబడాలని పంచెకి అంచు కోసెయ్యరు కదా. ఈ కంపెనీలు అంచు కోసి అమ్ముతున్నాయని నా అభిప్రాయం. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

ఆమదాలవలస ప్యాసింజర్ (రాత్రి 10:05)

మాస్టారూ, మీ బాధ నిజం, ముద్దాయి మాత్రం వేరు. వీజీఏని ఐబీఎమ్ 1987లో తెచ్చింది. నేను పుట్టకముందు సంగతి. దాన్ని ఇంకా గోడకి వేలాడదీసిన కాలేజీని వదిలేసి లాప్‌టాప్‌ని తిడితే ఎలా?

నా సంగతి చెప్తాను. వారానికి మూడు రోజులు విశాఖ ఆఫీసుకి రైల్లో వెళ్లొస్తాను. సీటు దొరికితే పండగే, లేకపోతే విజయనగరం దాకా నిలువుకాళ్లు. పాత లాప్‌టాప్ రెండు కిలోల పైన, దాని ఛార్జర్ ఇటుకంత. రెండేళ్లు మోశాక ఎడమ భుజం నొప్పి పట్టుకుంది. ఇప్పటిది కిలో రెండొందల గ్రాములు. ఫోనుకీ దీనికీ ఒకటే ఛార్జరు. అదనపు పోర్టు అవసరమయ్యేది ఏడాదికి నాలుగైదు సార్లు. ఆ నాలుగు రోజుల కోసం మిగతా రోజులన్నీ బరువు మొయ్యమంటారా?

2008లో యాపిల్ వాళ్ల సన్న లాప్‌టాప్, మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినప్పుడూ ఇదే గోల. సీడీ డ్రైవ్ లేదు, నెట్ వైరు పెట్టే చోటు లేదు, యూఎస్‌బీ ఒక్కటే అని. ఇప్పుడు ఈ చర్చలో ఎంతమంది ఇళ్లలో సీడీలు తిరుగుతున్నాయి? మా ఇంట్లో అయితే పెరట్లో కోతులు రాకుండా దండేనికి కట్టారు.

టెక్కలి జిరాక్స్ (రాత్రి 10:31)

తమ్ముడూ, నీది నెలజీతం ఉద్యోగం, నీ ఆఫీసులో అన్నీ అమర్చీసి ఉంటాయి. నాది ఆన్‌లైన్ సెంటర్. నా బల్ల మీదకి వచ్చి చూడు ఓసారి. ప్రింటర్ ఒకటి, వేలిముద్ర మిషను ఒకటి, కాంట్రాక్టర్ల టెండర్లకి డీఎస్సీ టోకెన్ ఒకటి. (డీఎస్సీ అంటే టీచరు పోస్టులు కాదు మాస్టారూ, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్.) ఆ మూడింటికీ పెద్ద యూఎస్‌బీ మూతే. మౌసు లెక్కెట్టలేదు. వానొస్తే వైఫై గాలికి పోతాది, నెట్ వైరు ఉండాల్సిందే.

పోనీలే అని సన్నందొకటి కొనీసి, ఒక్క టైప్-సీ మూతిని నాలుగైదు మూతులు చేసే హబ్బు తగిలించినాను. టెండరు ఆఖరు రోజు, సాయంత్రం, సంతకం పెట్టే టైముకి హబ్బు వైరు కాసింత కదిలింది. టోకెన్ ఊడిపోయినట్టు చూపించింది. మళ్ళీ మొదట్నుంచి లాగిన్. ఆ కాంట్రాక్టరు నా వెనకాలే నిలబడి ఉన్నాడు, ఆయన ఊపిరి నా మెడకి తగుల్తంది. బిడ్ వెళ్లిందిలే, పది నిమిషాలు మిగిలుండగా. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఏడాదికి నాలుగుసార్లంటున్నావు. నాకు గంటకి నాలుగుసార్లు.

ఆమదాలవలస ప్యాసింజర్ (రాత్రి 10:38)

అన్నయ్యా, నీ పనికి డెస్క్‌టాప్ ఉండాలి. లాప్‌టాపే తప్పు ఎంపిక.

టెక్కలి జిరాక్స్ (రాత్రి 10:40)

కరెంటు ఎప్పుడు పోతాదో నువ్వు చెప్తావేటి?

గంటస్తంభం రిపేరు (రాత్రి 11:15)

విజయనగరంలో పదకొండేళ్లుగా లాప్‌టాపులు విప్పుతున్నాను. నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

పోర్టులు తీసెయ్యడానికి సన్నదనమే కారణం అన్నది సగమే నిజం. టైప్-సీ మూతి ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. పెద్ద యూఎస్‌బీ, హెచ్‌డీఎమ్‌ఐ రెండూ నాలుగున్నర దగ్గర. నెట్ వైరు మామూలు సాకెట్ సెంటీమీటరు దాటుతుంది, వీజీఏ కూడా అంతే. అంటే నెట్ వైరూ వీజీఏ పోయాయంటే ఒప్పుకుంటాను, చోటు లేదు. హెచ్‌డీఎమ్‌ఐ, పెద్ద యూఎస్‌బీ పోవాల్సిన పనే లేదు. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ చూడండి, మందం 15 మిల్లీమీటర్ల దగ్గర, బరువు కిలో నూరు గ్రాముల చిల్లర, అందులో రెండు పెద్ద యూఎస్‌బీలు, నిండు సైజు హెచ్‌డీఎమ్‌ఐ పెట్టారు. ఎల్‌జీ గ్రామ్ 14 అంగుళాలది కిలో లోపే, దానికీ రెండూ ఉన్నాయి. అదే 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌కి, 13 మిల్లీమీటర్ల మందానికి, టైప్-సీ ఒక్కటే. ఛార్జింగ్ పెడితే పెన్‌డ్రైవ్ లేదు, పెన్‌డ్రైవ్ పెడితే ఛార్జింగ్ లేదు. 15కీ 13కీ తేడా ఎంత? రెండు మిల్లీమీటర్లు. పోర్టులు తీసింది కొలబద్ద కాదు, గీసినవాడి ఇష్టం. కొంత ఖర్చు మిగులు కూడా.

ఇక నా బల్ల మీద కనిపించేది. పాత గుండ్రటి ఛార్జింగ్ పిన్ను చాలా మోడళ్లలో చిన్న వైరుతో బోర్డుకి తగులుకుని ఉండేది. వదులైతే పిన్ను మార్చేసేవాడిని, అరగంట పని. టైప్-సీ మూతిలో 24 కాంటాక్టులు, చాలా వాటిల్లో నేరుగా మదర్‌బోర్డు మీదే అతికి ఉంటుంది. ఉన్న రెండింట్లో ఒకటి ఛార్జింగ్‌కి రోజూ పీకి పెడతారు, మంచం మీద వాలి వాడతారు, వైరు వంగుతుంది. అది వదులైతే సగం లాప్‌టాప్ పోయినట్టే. ఛార్జింగ్ పోర్టు, డేటా పోర్టు, టీవీకి పెట్టే పోర్టు అన్నీ అదే కాబట్టి. బేరం ఆడేటప్పుడు జనం "పిన్నే కదా" అంటారు. పిన్నే, కానీ బోర్డు వేడి చేసి తియ్యాలి బాబూ.

పలాస కెమెరా (సోమవారం, ఉదయం 6:50)

రాత్రి పెళ్లి నుంచి ఇప్పుడే దిగాను. నాది ఒక్కటే ముక్క. కెమెరాలోంచి తీసిన ఎస్‌డీ కార్డు పెట్టే స్లాట్. యాపిల్ వాడు 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి తీసీసినాడు, కొత్త దారి అన్నాడు, ఐదేళ్లు మమ్మల్ని రీడర్లు మోయించి 2021లో స్లాటూ హెచ్‌డీఎమ్‌ఐ రెండూ మళ్లీ పెట్టినాడు, అయస్కాంతం ఛార్జరుతో సహా. పాతవి పోయి తీరతాయనే వాళ్లు దీనికేటంటారు? కార్డ్ రీడర్ అన్నది పెళ్లిలో తాళిబొట్టులాంటి వస్తువు, అందరి చేతులూ మారి వేళకి కనిపించదు. పడుకుంటాను.

ఆమదాలవలస ప్యాసింజర్ (ఉదయం 8:20, రైల్లోంచి)

పలాస బావకి ఒప్పుకుంటున్నాను, 2021 దెబ్బ దెబ్బే. అయితే స్లాటూ హెచ్‌డీఎమ్‌ఐ తిరిగొచ్చింది ప్రోలోకే, ఎయిర్‌లోకి కాదు. కెమెరా పనివాళ్లు కొనేది ప్రో. ఎవరి పనికి తగ్గది వాళ్లకుందిగా.

ఎచ్చెర్ల హాస్టల్ (ఉదయం 9:10)

నమస్తే. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. అందరూ పోయినవాటి గురించే మాట్లాడుతున్నారు, వచ్చినదాని గురించి ఒకటి.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద నుంచే పోయింది. అప్పుడు ఏడో తరగతి. కొబ్బరి చెట్లు పడ్డ సంగతి అందరికీ తెలిసిందే. కరెంటు రోజుల తరబడి రాలేదు. ఎవరింట్లోనో జనరేటర్ ఉంటే ఊరంతా ఫోన్లు పట్టుకుని అక్కడే. మా నాన్న లాప్‌టాప్‌లో జీడిమావిడి తోట కాగితాలు, ఫోటోలు ఉన్నాయి, నష్టపరిహారానికి అవే కావాలి. గుండ్రటి పిన్ను ఛార్జరు, దానికి గోడ ప్లగ్గే కావాలి. జనరేటర్ ఆయన "అది ఎక్కువ లాగేస్తాదమ్మా, ఫోన్లకే ఇస్తున్నాను" అన్నారు. ఆయన తప్పేం లేదు.

ఇప్పుడు నా లాప్‌టాప్ టైప్-సీ. 20,000 ఎమ్‌ఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే సుమారు 74 వాట్-అవర్లు, నా బ్యాటరీ 50 చిల్లర. దారిలో పోయేది పోగా ఒక్కసారి నిండుతుంది. హాస్టల్లో నలుగురికి రెండు ప్లగ్గులు, ఒకరి ఛార్జర్ ఇంకొకరం వాడుకుంటాం. ఇది పోర్టు తగ్గడమా పెరగడమా?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పవర్‌బ్యాంక్ పీడీ (పవర్ డెలివరీ, టైప్-సీ మీద ఎక్కువ వాట్లు పంపే పద్ధతి) ఉన్నదై ఉండాలి, కనీసం 45 లేదా 65 వాట్లు. మామూలు 10 వాట్లది పెడితే ఏమీ కదలదు. ఇంకోటి, టైప్-సీ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. నా రూమ్మేట్ దాంట్లో ఉన్న టైప్-సీ ఛార్జింగూ తీసుకోదు, టీవీకి బొమ్మా పంపదు, పెన్‌డ్రైవ్‌కే పనికొస్తుంది.

పొందూరు పంచె (మధ్యాహ్నం 1:30)

అమ్మా, నువ్వు చెప్పింది నా లెక్కలో లేదు. తిత్లీకి మా ఇంటి రేకులూ లేచిపోయాయి గానీ లాప్‌టాప్ ఛార్జరు గురించి ఆలోచించలేదు. టైప్-సీ ఛార్జింగ్ ఉండి తీరాలి, ఒప్పుకున్నాను. యూరప్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త లాప్‌టాపులకి దాన్ని తప్పనిసరి చేశారని నేనూ చదివాను.

అయితే ప్యాసింజర్ గారి మొదటి మాట ఇంకా గుచ్చుకుంటోంది. తప్పు ప్రొజెక్టర్‌ది అన్నారు. కావచ్చు. ఆ ప్రొజెక్టర్ మార్చేది నేనా? టెక్కలి ఆయన టోకెన్ మూతి మార్చేది ఆయనా? మన వస్తువులన్నీ మనమే ఎంచుకునే వాళ్లకి రెండు పోర్టులు చాలు. ఊళ్లు తిరిగి ఎవరి గోడకి ఏ వైరు వేలాడుతుంటే దానికి తగులుకోవాల్సిన వాళ్లం మేం. కంపెనీ వాడు మిగుల్చుకున్న ఖర్చు మా సంచిలో కన్వర్టర్లై కూర్చుంటోంది.

గంటస్తంభం రిపేరు (మధ్యాహ్నం 2:45)

మాస్టారు గారూ, పోర్టుల మీద ఇంత చెప్పుకున్నాం గానీ నన్నడిగితే అసలు పోయింది అది కాదు. పోర్టు లేకపోతే రెండు వేలు పెట్టి హబ్బు కొంటారు. (మరీ చవకది వద్దు, వేడెక్కుతుంది. 65 వాట్ల ఛార్జర్ హబ్బు మీదుగా పెడితే అది తన వాటా ఉంచుకుని మిగతాదే లోపలికి పంపుతుంది, అదీ చూసుకోండి.) ర్యామ్, అదే పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ, దాని సంగతేమిటి? సన్నంవాటిల్లో చాలా వరకు బోర్డుకే అతికించి వస్తుంది. కరెంటు తక్కువ తాగే ఎల్‌పీడీడీఆర్ రకం చిప్పులు ప్రాసెసర్‌కి దగ్గరగా అతికించి ఉండాలి కాబట్టి అలా చేస్తారు, కారణం లేకపోలేదు. విప్పి మార్చుకునేలా ఎల్‌పీక్యామ్2 అని ఒకటి వచ్చింది, 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టారు, మన ధరల్లోకి ఇంకా దిగలేదు.

నా షాపుకి నెలకి ఇద్దరు ముగ్గురు ఎనిమిది జీబీ లాప్‌టాప్ పట్టుకొచ్చి "నత్తలా నడుస్తోంది, ఇంకో ఎనిమిది వేసెయ్యండి" అంటారు. వెయ్యలేను అని చెప్పడం నాకే సిగ్గుగా ఉంటుంది. పాతదాంట్లో రెండు స్క్రూలు విప్పి, ర్యామ్ నొక్కి, టీ చల్లారేలోపు ఇచ్చేసేవాడిని. దీనికి బయట తగిలించుకునే ఏ డాంగిలూ లేదు.

అమ్మగారికి కొనేటప్పుడు పోర్టులు తర్వాత లెక్కపెట్టండి, ముందు 16 జీబీ ఉందా లేక ఖాళీ స్లాట్ ఉందా అడగండి.

టెక్కలి జిరాక్స్ (సాయంత్రం 4:10)

అమ్మనాయనో. నాది ఎనిమిదే.

ఆమదాలవలస ప్యాసింజర్ (సాయంత్రం 6:30)

నాది 16, అతికించిందే. ఐదేళ్లకి ఎలాగూ మారుస్తానని కొన్నాను. ఐదేళ్లకి మార్చలేనివాళ్లకి ఆ మాట చెప్పకూడదని ఇప్పుడు అనిపిస్తోంది. భుజం నొప్పి మీద మాత్రం వెనక్కి తగ్గను.

పొందూరు పంచె (రాత్రి 8:55)

సాయంత్రం మా ఆవిడా నేనూ శ్రీకాకుళం వెళ్లొచ్చాం. నా వీజీఏ కన్వర్టర్ లేదు గానీ ఆవిడ స్కూలు పెన్‌డ్రైవ్, ఇంటి టీవీ వైరు సంచిలో వేసుకుని వెళ్లి, కౌంటర్ మీద పెట్టి ఇవి నేరుగా పట్టేవి చూపించమన్నాను. షాపు కుర్రాడు కాస్త వింతగా చూశాడు. మూడు తీశాడు. ఒకదానికి 16 జీబీ, టైప్-సీ ఛార్జింగ్, హెచ్‌డీఎమ్‌ఐ, రెండు పెద్ద యూఎస్‌బీలు. బరువు కిలో నాలుగొందలు. మావిడ చేత్తో పట్టుకుని "మరీ సన్నంగా లేదేమండీ" అంది! అదే తీసుకున్నాం.

నా పలక సంగతి అలాగే ఉంది. బుధవారం మళ్లీ అదే కాలేజీ. ఎవరి దగ్గరైనా టైప్-సీ నుంచి వీజీఏకి కన్వర్టర్ ఉంటే ఒక్క రోజుకి ఇస్తారా?

ఆమదాలవలస ప్యాసింజర్ (రాత్రి 9:02)

నా దగ్గర ఉంది మాస్టారూ, ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. బుధవారం పొద్దున్న బండి పొందూరులో నిమిషమే ఆగుతుంది, ప్లాట్‌ఫారం మీదకి రండి, తలుపు దగ్గర నిలబడి అందిస్తాను. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి, శుక్రవారం నాకు కావాలి.

టెక్కలి జిరాక్స్ (రాత్రి 9:04)

ఏడాదికి నాలుగుసార్లన్నావు కదేటి తమ్ముడూ?