బెంగళూరులో మనకంటూ ఒక తెలుగు మసీదు కావాలా, వద్దా?

పల్నాటి నూర్‌బాషా:
అందరికీ సలాం. బొమ్మనహళ్ళి వైపు ఉండే తెలుగు ముస్లింలం ఒక మేడ మీది హాలు అద్దెకు తీసుకుని జుమా (శుక్రవారం నమాజు) చదువుకుంటున్నాం. ఇప్పుడు చందాలేసుకుని స్థలం కొందామన్న మాట వచ్చింది. కొనాలనే నేనంటాను. జుమాలో ఇచ్చే ఖుత్బా ప్రసంగం అరబీలోనే ఉంటుంది, దాన్ని మార్చమని ఎవరూ అడగట్లేదు. దానికి ముందు చేసే బయాన్ (ధర్మబోధ) గురించే మా బాధంతా. ఇక్కడ చాలా మసీదుల్లో అది ఉర్దూలోనే. కదిరి, మదనపల్లె వాళ్ళు చాలామందికి ఇంట్లోనే ఉర్దూ ఉంది. మా గుంటూరు వైపు నూర్‌బాషాలకు, అంటే దూదేకులవాళ్ళకు, తెలుగు తప్ప రాదు. ఇమాం సాబ్ వడ్డీ గురించో, ఆడపిల్లల వాటా గురించో చెప్తుంటే మా ఊరి తాపీమేస్త్రీ ఒకాయన తలొంచుకుని చాప అంచు పీకుతూ కూర్చునేవాడు. "ముసల్మానువై ఉర్దూ రాదా?" అని పక్కనాయన అన్నాక అక్కడికి పోవడమే మానేశాడు.

సిటీమార్కెట్ భాయ్:
అలా అనడం తప్పే తమ్ముడూ. దానికి మందు ఇంకో మసీదు కాదు. మలయాళీలది వేరు, తమిళులది వేరు, ఇప్పుడు మనదీ వేరా? కరోనా అప్పుడు చాలాచోట్ల జుమా రెండు మూడు జమాతులుగా (విడతలుగా) చదివించారు కదా. అట్లాగే రెండో జమాతు పెట్టించి, ముందు తెలుగు బయాన్ చెప్పమనండి. పిల్లల ఫీజులకే అప్పులు చేస్తున్నవాళ్ళ దగ్గర స్థలం కోసం చందా అడగడానికి నాకు మనసొప్పదు.

పల్నాటి నూర్‌బాషా:
అడిగాం అన్నా. కమిటీ పెద్దలు మర్యాదగానే విన్నారు. ఒకే మసీదులో రెండో జుమా సరికాదు, అప్పుడంటే ఆపద కాబట్టి చేశాం అన్నారు. అనంతపురంలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు హిందువై ఉండి ఖురాన్‌ను ఎప్పుడో తెలుగు చేశారు. మనవాళ్ళకు తెలుగులో నాలుగు మాటలు చెప్పించడం ఇంత కష్టమా? మా నూర్‌బాషాలనే కర్ణాటకలో నదాఫులు, పింజారులు అంటారు. వాళ్ళలో కన్నడ బయాన్ కావాలనేవాళ్ళకూ మా మసీదులో చోటుంటుంది.

మడివాళ చెల్లి:
మీరిద్దరూ మగవాళ్ళ సఫ్ (నమాజు వరుస) గురించే మాట్లాడుతున్నారు. కట్టేదుంటే ఆడవాళ్ళకు వేరే మెట్లు, వజూఖానా (నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే చోటు) ప్లానులోనే గీయించండి. తర్వాత చూద్దామంటే చెప్పుల స్టాండు పక్కన ఒక పరదా కట్టి ఇదే మీ చోటంటారు. అంతకన్నా ముందు మక్తబ్ (పిల్లలకు ఖురాన్ నేర్పే బడి) కావాలి. మా పాప సూరాలు గడగడా అప్పజెప్తుంది. మౌల్వీ సాబ్ అర్థం ఉర్దూలో చెప్తే బిక్కమొహం వేస్తుంది. తెలుగులో చెప్పేవాళ్ళుంటే ఆ హాలు చాలు, స్థలం కొనేదాకా ఆగక్కర్లేదు.

హోసూర్ రోడ్డు:
నేను రిజిస్ట్రేషన్ పనులు చూస్తుంటాను. అడ్వాన్సు ఇచ్చేముందు స్థలం ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) చూడండి. చవగ్గా దొరికే సైట్లలో బి ఖాతావి (అనుమతులు సరిగా లేనివి) ఎక్కువ, ప్లాను అప్రూవల్ దగ్గర ఇరుక్కుంటారు. ఇంటి ప్లాను తెచ్చుకుని మసీదు నడిపితే ఒక్క ఫిర్యాదు చాలు, పని ఆగిపోతుంది. ముందు సొసైటీ రిజిస్టర్ చేయించండి, చందా డబ్బు దాని బ్యాంకు ఖాతాలోనే వేయండి. రిజిస్టరైన సంస్థలకు బిడిఎ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) సిఎ సైట్లు (ప్రజావసరాలకు కేటాయించిన స్థలాలు) లీజుకిస్తుంది, అదీ కనుక్కోండి. ఇంకోటి, 2025 వక్ఫ్ (ధార్మిక పనులకు దానమిచ్చిన ఆస్తి) చట్ట సవరణ తర్వాత ఏళ్ళ తరబడి నమాజు చదువుతున్నామంటే కొత్తగా వక్ఫ్ అయిపోదు. వక్ఫ్‌నామా (దానపత్రం) రాసి తీరాలి.

పల్నాటి నూర్‌బాషా:
ఖాతా తేలేదాకా అడ్వాన్సు ఆపుతాం. మక్తబ్ హాల్లోనే మొదలుపెడతాం. మసీదు మాట మాత్రం వదలను.

సిటీమార్కెట్ భాయ్:
మక్తబ్‌కు నా చందా రాసుకో. స్థలానికైతే ఇవ్వను.