అప్‌డేట్: 26వ రోజున మళ్ళీ ఎదకొచ్చిన పంది, కారణం తెలిసింది
మా యార్క్‌షైర్ జాతి ఆడపంది, మగపందితో దాటించిన (జతకట్టించిన) 26వ రోజున చూలు నిలవక మళ్ళీ ఎదకొచ్చింది, ఎందుకని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కొందరు అనుమానించినట్టు మగపంది తప్పేం లేదు, కొందరు చెప్పిన మినరల్ మిక్చర్ డబ్బా దండగ. 'రోజులు లెక్కపెట్టు' అన్న సలహాయే పనికొచ్చింది.

డాక్టరు గారు చెప్పిందేంటంటే, 11, 12 రోజులకు పిండాలే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వదిలి 'మేమున్నాం' అని తల్లి గర్భసంచికి కబురు పెడతాయి. అందుకు కనీసం నాలుగైనా ఉండాలి. కబురు అందకపోతే 21వ రోజు అటూఇటూగా ఎదకొచ్చేస్తుంది. మాది 26 కాబట్టి, కబురు అందాకే పిండాలు పోయి ఉంటాయట. సరిగ్గా 15వ రోజున దాన్ని వేరే పందుల్లో కలిపాను, చెవి చిరిగేలా కొట్టుకున్నాయి. అదే కారణం కావచ్చన్నారు.

ఈసారి దాటించాక నెలరోజులు కదల్చలేదు. నిన్న రాత్రి ఈనింది, తొమ్మిది పిల్లలు.