క్లబ్ పార్టీలకు కుర్రాళ్లు రావట్లేదు: తంబోలా తీసేసి డీజే పెడితే వస్తారా?

మాజీ_సెక్రటరీ

హైదరాబాద్‌లో గోల్ఫ్ క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, కాబట్టి మాది ఏదో చెప్పను. అక్కడ ఎంటర్‌టైన్‌మెంట్ కమిటీలో నేనూ ఉన్నాను. మొన్న దీపావళి డిన్నర్‌కి 200 ప్లేట్లు చెప్పాం. జనం బాగానే వచ్చారు. కానీ 40 లోపు వయసువాళ్లు ఎంతమందా అని నేనే కూర్చుని లెక్కపెడితే 11 మంది తేలారు, అందులో నలుగురు వాళ్ల నాన్నల్ని దింపడానికి వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని ఒక ప్లేటు తిని వెళ్లినవాళ్లు.

కమిటీ ఇప్పుడు రెండుగా చీలింది. తంబోలా (నంబర్లు పిలిచే హౌసీ ఆట), పాత హిందీ పాటల ఆర్కెస్ట్రా మానేసి డీజే, స్టాండప్ కామెడీ, క్విజ్ నైట్ పెడదామని ఒక వర్గం. ఇది క్లబ్బు, పబ్బు కాదని రెండో వర్గం. వచ్చే వారం మీటింగ్. నేను మొదటి వర్గం వైపు మొగ్గుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

రఫ్‌లో_రాజు

మొహమాటం లేకుండానే చెప్తున్నా సార్. నాకు 31. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. నాన్న మెంబర్ కాబట్టి నాకు మెంబర్‌షిప్ వచ్చింది. డీజే కావాలంటే మా ఆఫీసు చుట్టుపక్కలే బోలెడన్ని పబ్బులున్నాయి, అవన్నీ వదిలేసి నాన్న ఫ్రెండ్స్ ముందు డాన్స్ చేయడానికి క్లబ్బుకి ఎందుకొస్తాను చెప్పండి.

రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తున్నారు. మేం పార్టీకి రాకపోవడానికి కారణం పార్టీ కాదు, అక్కడ మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేకపోవడం. తెలిసినవాళ్లు ఎందుకు లేరు? కలిసి ఆడలేదు కాబట్టి. ఎందుకు ఆడలేదు? టీ టైమ్ (ఆట మొదలుపెట్టే స్లాట్) దొరకదు కాబట్టి! డిసెంబర్‌లో సాయంత్రం 5:45కే పొద్దు గుంకుతుంది, జూన్‌లో కూడా 7 లోపే. 9 హోల్స్‌కే రెండు గంటల పైన పడుతుంది. 6 గంటలకి లాగౌట్ అయ్యి, టోలిచౌకి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి నేనెప్పుడు ఆడాలి? ఇక మిగిలింది శని, ఆదివారాల పొద్దున. ఆ రెండు పూటలా 6:30 నుంచి 9 దాకా స్లాట్లన్నీ కొందరు పెద్దవాళ్ల పేరు మీద ఏళ్ల తరబడి రాసిపెట్టి ఉన్నాయి. నాకు దొరికేది పదిన్నర. ఏప్రిల్‌లో పదిన్నరకి మొదలుపెట్టి 18 హోల్స్ ఆడి చూడండి ఒకసారి, డీజే అవసరం లేదు, చెవుల్లో అదే మోగుతుంది.

ఫెయిర్‌వే_పెద్దాయన

ఆ "కొందరు పెద్దవాళ్లలో" నేనూ ఒకణ్ని. 67 ఏళ్లు. శనివారం 7:10. ఆ స్లాట్‌లో మా నలుగురం 22 ఏళ్లుగా ఆడుతున్నాం, నాలుగోవాడు పోయాక వాడి స్థానంలో ఇంకొకర్ని తీసుకోవడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. బాబూ, మేమూ ఒకప్పుడు పదిన్నరకే ఆడాం. వెయిటింగ్ లిస్టులో ఏళ్లు గడిపి, జీతంలోంచి వాయిదాల మీద ఎంట్రన్స్ ఫీజు కట్టాం. మీకు నాన్నగారి పుణ్యాన వచ్చింది, మంచిదే.

"రిటైరయ్యారు కదా, మంగళవారం ఆడుకోవచ్చుగా" అంటారు, తెలుసు. మా నలుగురిలో ఇద్దరు ఇంకా క్లినిక్, కోర్టు అంటూ పనిచేస్తున్నారు. అయినా రిటైరైనవాడికి శనివారం ఉండకూడదని ఎక్కడ రాసుంది?

ఇంకో మాట. తంబోలా తీసేయమని చాలా తేలిగ్గా అంటున్నారు. మా దగ్గర తంబోలా టికెట్ల మీద మిగిలే డబ్బు క్యాడీల (మన గోల్ఫ్ బ్యాగులు మోసేవాళ్ల) పిల్లల స్కూలు ఫీజులకి వెళ్తుంది. ఈ కుర్రాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? డీజేకి మనమే ఎదురివ్వాలి.

రఫ్‌లో_రాజు

క్యాడీల పిల్లల ఫీజుల సంగతి నిజంగా తెలీదు అంకుల్. కానీ మాకు ఎవరు చెప్పారు? నోటీసు బోర్డు మీద "తంబోలా, 7:30, స్నాక్స్ ఉచితం" అని మాత్రమే ఉంటుంది. ఇంటికి కూరగాయలు కూడా ఫోన్లోనే వస్తున్న రోజుల్లో బార్ పక్కన నోటీసు బోర్డు చూసి ఎవరొస్తారు?

ఫెయిర్‌వే_పెద్దాయన

అంకుల్ అనకు. క్లబ్బులో ఇద్దరం మెంబర్లమే.

రఫ్‌లో_రాజు

పేరు పెట్టి పిలిస్తే కమిటీకి కంప్లయింట్ వెళ్తుందేమోనని భయం సార్ 😀

మూడు_పుట్ల_మేడమ్

ఇంతసేపు మగవాళ్లే మాట్లాడుకున్నారు, క్లబ్ మీటింగ్ లాగే ఉంది.

నేను హ్యాండిక్యాప్ 22 (అంటే స్కోరులో 22 స్ట్రోకులు, అదే దెబ్బలు, వెసులుబాటు), వయసు 36, ఇద్దరు పిల్లలు. "యంగ్ మెంబర్స్" అనగానే మీ బుర్రలో మెదిలేది 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక్కడే. క్లబ్ సోషల్ ప్రోగ్రాంలో నాకోసం ఏముంటుందో తెలుసా? "లేడీస్ అండ్ కిడ్స్" కింద ముగ్గుల పోటీ, మాక్‌టెయిల్ తయారీ. రౌండ్ అయ్యాక బార్ దగ్గర నిలబడితే "మీవారు ఏ హోల్ దగ్గరున్నారు మేడమ్" అని అడుగుతారు. మావారు ఇంట్లో ఉన్నారు, పిల్లల్ని చూసుకుంటున్నారు, ఆయనకి గోల్ఫ్ రాదు.

గోల్ఫ్‌కి పుట్టినిల్లులా చూసే సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 1754లో మొదలైతే, ఆడవాళ్లని మెంబర్లుగా తీసుకోవాలని ఓటేసింది 2014లో. అంటే 260 ఏళ్లు. మన దగ్గర మెంబర్‌షిప్‌కి అడ్డేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ ఒకే ఒక్క స్ట్రోక్‌తో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగిపోయిన రోజు, జన్మలో గోల్ఫ్ చూడనివాళ్లు కూడా తెల్లవారుజామున లేచి టీవీ పెట్టారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో బర్డీ అంటే ఏంటి, పార్ అంటే ఏంటి అని నన్నే అడిగారు. ఆ నెలలో ఆడపిల్లల కోసం ఆదివారం ఒక గంట డ్రైవింగ్ రేంజ్ (షాట్లు ప్రాక్టీస్ చేసే చోటు) వదిలిపెట్టి ఉంటే ఎంతమంది వచ్చేవారో! నేను కమిటీకి రాసి ఇచ్చాను. "పరిశీలిస్తాం" అన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

పికిల్‌బాల్_బ్యాచ్

బయటివాడిగా ఒక్క మాట. నేను మెంబర్‌ని కాను, ఒక ఫ్రెండ్ గెస్టుగా ఒక క్లబ్బుకి తీసుకెళ్లాడు (ఈ చర్చలో చెప్తున్న క్లబ్బేనో కాదో నాకు తెలీదు). రౌండ్ నెక్ టీషర్టు వేసుకెళ్లా. కాలర్ లేదని లోపలికి రానివ్వలేదు. షాపులో కాలర్ టీషర్టు కొనిపించారు, దాని రేటుకి మా కొండాపూర్‌లో నెల మొత్తం పికిల్‌బాల్ (టెన్నిస్ లాంటి చిన్న కోర్టు ఆట) కోర్టు బుక్ చేసుకోవచ్చు. పికిల్‌బాల్‌కి ఫోన్లో స్లాట్ నొక్కుతాం, నలుగురం డబ్బు పంచుకుంటాం, గంటలో అయిపోతుంది, పక్కనే టీ తాగి ఇంటికెళ్తాం. రాత్రి 11కి కూడా లైట్లు వేసి ఆడిస్తారు. మీరు పోటీ పడాల్సింది పబ్బుతో కాదు, దీంతో.

అన్నట్టు పంచె కట్టుకొస్తే రానిస్తారా? 2014లో చెన్నైలో హైకోర్టు జడ్జినే వేష్టి కట్టుకున్నారని ఒక క్లబ్బులోకి రానివ్వలేదు, గొడవై, ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం ఏకంగా చట్టం చేసింది, పంచె కట్టినవాళ్లని ఆపకూడదని. మన దగ్గర పట్టుపంచె కట్టుకుని పెళ్లి నుంచి నేరుగా వస్తే గేటు దగ్గర ఏం చేస్తారో చూడాలనుంది.

ఫెయిర్‌వే_పెద్దాయన

పంచె కట్టి బంకర్లోంచి (ఇసుక గుంటలోంచి) షాట్ కొట్టి చూపించు, నా స్లాట్ నీకే రాసిస్తా.

స్కోర్‌కార్డ్_శాస్త్రి

నేను టోర్నమెంట్లు నడిపినవాణ్ని. ఇక్కడ ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటి ఉంది, అసలు గుట్టంతా అందులోనే ఉంది.

మన నెలవారీ పోటీల్లో ఒకటో టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి తొమ్మిదేసి నిమిషాలకి ఒక గ్రూపుని పంపిస్తాం. 20 గ్రూపులుంటే మొదటి గ్రూపుకీ చివరి గ్రూపుకీ దగ్గర దగ్గర మూడు గంటల తేడా. మొదటివాళ్లు ఆట ముగించి, ఇడ్లీ తిని, ఇంటికెళ్లి స్నానం చేసి, పేపర్ కూడా చదివేశాక చివరివాళ్లు వస్తారు. ఇంక కలిసేదెక్కడ? అందుకే వాళ్లని కలపడానికి మళ్లీ రాత్రిపూట వేరే పార్టీ పెట్టాల్సి వస్తోంది. రాత్రి అంటే ఇంకో తలనొప్పి. బార్ తెరిచి పెడతాం, వీకెండ్ రాత్రి రోడ్ల మీద పోలీసులు ఊదే మిషన్‌తో నిలబడి ఉంటారు, కాబట్టి బుద్ధున్న కుర్రాడు బండి తీయడు. డీజే అన్నారు కదా, ఓపెన్ లాన్‌లో రాత్రి 10 దాటాక సౌండ్ సిస్టమ్ పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. పబ్బులో పార్టీ ఊపందుకునే టైముకి మనం ప్లగ్గు పీకాలి.

దీనికి మందు షాట్‌గన్ స్టార్ట్. అందరూ ఒకే టైముకి, ఒక్కో గ్రూపు ఒక్కో హోల్ దగ్గర మొదలుపెడతారు, అందరూ ఇంచుమించు ఒకేసారి ముగిస్తారు. 9 హోల్స్ చాలు. 6:30కి మొదలెడితే 9 లోపు అందరూ టిఫిన్ బల్ల దగ్గరుంటారు. దానికి స్క్రాంబుల్ పద్ధతి జత చేయండి. నలుగురూ కొడతారు, అందులో మంచి బంతి ఎంచుకుని మళ్లీ నలుగురూ అక్కణ్నుంచే కొడతారు. కొత్తవాడు మూడు బంతులు పొదల్లోకి కొట్టినా గ్రూపు ఆగదు, వాడు సిగ్గుపడక్కర్లేదు, ఒక్క పుట్ (బంతిని గుంటలోకి దొర్లించే షాట్) వాడిది పడిందంటే ఇక ఆ రోజంతా వాడే హీరో. గ్రూపులు చీటీలు తీసి వేయాలి: ఒక పెద్దాయన, ఒక కుర్రాడు, ఒక మేడమ్, ఒక కొత్త ముఖం.

గోల్ఫ్ మారదని ఎవరన్నారు? 2019లో పోయిన బంతిని వెతికే టైము 5 నిమిషాల నుంచి 3కి తగ్గించారు, జెండా కర్ర తీయకుండానే పుట్ చేసుకోనిచ్చారు. 2020 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో హ్యాండిక్యాప్ 54 దాకా ఇవ్వొచ్చు, అంటే హోల్‌కి మూడు స్ట్రోకులు అదనం. ప్రపంచమంతా కొత్తవాళ్ల కోసం తలుపు బార్లా తెరుస్తోంది, మనం కాలర్ దగ్గరే ఆగాం.

ఫెయిర్‌వే_పెద్దాయన

శాస్త్రి గారూ, అంతా బాగుంది. కానీ మీ షాట్‌గన్ అంటే శనివారం పొద్దున కోర్సు మొత్తం రెండున్నర గంటలు మూసేయడమే కదా. అంటే మా 7:10. తిప్పి తిప్పి మళ్లీ అక్కడికే తెచ్చారు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. చీటీల గ్రూపు మాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కింద నేను చేరినప్పుడు కెప్టెన్ నన్ను ఒక రిటైర్డ్ కర్నల్‌తో వేశారు. ఆయన నా గ్రిప్ సరిచేశారు, నా వెధవ జోకులు భరించారు, తర్వాత మా అమ్మాయి పెళ్లిలో అన్నీ ఆయనే దగ్గరుండి చూసుకున్నారు. అప్పుడు ఎవరూ నా కోసం ప్రత్యేకంగా పార్టీ పెట్టలేదు. ఈమధ్య మేం కొత్తవాళ్లని మా గ్రూపులోకి పిలవడం మానేసిన మాట నిజం. వాళ్లు ఫోన్లు చూసుకుంటారని ఒక సాకు. అసలు కారణం, మా నలుగురికి మేమే అలవాటు.

మాజీ_సెక్రటరీ

నేను డీజే వైపు ఉన్నానని మొదట్లో అన్నాను. ఇప్పుడు లేను. తంబోలా ఉంటుంది, క్యాడీల పిల్లల ఫీజుల సంగతి పోస్టర్ మీద పెద్దక్షరాల్లో వేయిస్తాను, టికెట్ ఫోన్లో కొనేలా చూస్తాను. మీటింగ్‌లో నేను పెట్టబోయేది ఇది: మూడో శనివారం 6:30కి 9 హోల్స్ షాట్‌గన్ స్క్రాంబుల్, చీటీల గ్రూపులు, గెస్టుకి ఆ రోజు రౌండ్ నెక్ ఓకే (దీని మీద యుద్ధమే జరుగుతుంది), 9కి టిఫిన్. మేడమ్ అడిగిన రేంజ్ గంట అదే రోజు టిఫిన్ తర్వాత, రేంజ్ అయితే 18 హోల్స్ కాదు కాబట్టి ఆ ఎండకి తట్టుకోవచ్చు. కానీ పెద్దాయన గారి 7:10 లాంటి స్లాట్ల వాళ్లు సంతకం పెట్టకపోతే ఇది కాగితం మీదే ఉంటుంది.

మూడు_పుట్ల_మేడమ్

నాది శనివారం 8:20, నెలకోసారి వదులుకుంటాను, రాసుకోండి. రేంజ్ గంట మాత్రం "పరిశీలిస్తాం" కింద వేయకండి.

ఫెయిర్‌వే_పెద్దాయన

మా ముగ్గురినీ అడగాలి. డాక్టర్ గారు ఒప్పుకోరు, చెప్తున్నా. మూడు నెలలు చూద్దాం, రాజు లాంటివాళ్లు 6:30కి నిద్ర లేవకపోతే నాలుగో నెల 7:10 మళ్లీ మాదే, అది కూడా ఆ కాగితం మీద రాయండి.

రఫ్‌లో_రాజు

6:30 అంటే టీ దగ్గర నిలబడే టైమా, గేటు దగ్గరకి వచ్చే టైమా సార్?

ఫెయిర్‌వే_పెద్దాయన

చూశారా సెక్రటరీ గారూ.