సోఫియా లోరెన్ మీద ఒక సాయంత్రం: ఏ సినిమా వెయ్యాలి, ఎట్ల వెయ్యాలి?

కడప_చదువరి:
కడపలో మా చదువరుల బృందం నెలకో సాయంత్రం పరాయి భాషల సినిమా చూసి మాట్లాడుకుంటుంది. ఈసారి ఇటాలియన్ నటి సోఫియా లోరెన్. ఉన్నది రెండున్నర గంటలు. వచ్చేవాళ్లలో చాలామందికి ఆమె పేరు, ఫొటో తప్ప ఇంకేమీ తెలియదు. ఇంగ్లిష్‌లోనే ఉంది కాబట్టి 'హౌస్‌బోట్' వేద్దామని కొందరు, ఇటాలియన్ సినిమానే వెయ్యాలని కొందరు అంటున్నారు. 'లా చోచారా' (ఇంగ్లిష్‌లో 'టూ విమెన్') యూరప్ డిస్క్ మా దగ్గరుంది. దానికి విడిగా తెచ్చిన సబ్‌టైటిళ్లు మొదట్లో సరిగ్గా పడి, పోనుపోను వెనకబడుతున్నాయి. అందులో కళ్లద్దాల కుర్రాడి మాట పెదాలకు అసలు కలవడం లేదు. ఏది వెయ్యాలి, ఆమె జీవితం గురించి ముందు ఎంత చెప్పాలి?

పెన్నా_రీలు:
'హౌస్‌బోట్' (1958) వద్దండి. హాలీవుడ్ స్టూడియో పారమౌంట్‌తో ఒప్పందం కింద చేసిన వాటిలో ఆమెకు ఎక్కువగా దక్కింది అందమైన పరదేశి పిల్ల పాత్రే. 'ది బ్లాక్ ఆర్కిడ్' ఒకటి వేరు, దానికి 1958లో వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆమె అసలు బలం నేపుల్స్ మాట, నేపుల్స్ ఒళ్లు.

పుట్టింది 1934 సెప్టెంబర్ 20న రోమ్‌లో. పెరిగింది నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలిలో, అమ్మమ్మ ఇంట్లో. తండ్రి తల్లిని పెళ్లాడలేదు. తల్లి రొమిల్డా పియానో పాఠాలు చెప్పేది. యుద్ధంలో ఊరి మీద బాంబులు పడ్డాయి, తిండికి కటకటలాడారు. బక్కగా ఉందని తోటి పిల్లలు ఆమెను పళ్లు కుట్టుకునే పుల్ల అని పిలిచేవాళ్లు. ముందుమాటలో సగం దీనికే ఇవ్వండి. 1950 మిస్ ఇటలీ పోటీ, ఫొటో కథల పత్రికలకు పోజులు, 'క్వో వాదిస్'లో గుంపులో కనిపించడం, ఇవన్నీ కలిపి ఒక్క నిమిషం చాలు. 'ఆయిదా' (1953) మాత్రం మనవాళ్లకు చెప్పాలి: తెర మీద పెదాలు సోఫియావి, గొంతు ఒపేరా గాయని రెనాటా తెబాల్దిది. ప్లేబ్యాక్‌తో పెరిగిన ప్రేక్షకులకు ఇది చప్పున అందుతుంది.

నేనైతే వరుస ఇట్ల పెడతాను. ముందు విత్తోరియో దె సీకా తీసిన 'లోరో ది నాపొలి' (1954)లో పిజ్జా కథ ఒక్కటి, సుమారు 20 నిమిషాలు. అది ఆరు విడి కథల సినిమా కాబట్టి ఒక కథ వేస్తే ఏమీ తెగిపోదు. పిజ్జాలమ్మే ఆమె ఉంగరం ప్రియుడి దగ్గర వదిలేసి, పిండిలో పడిపోయిందని మొగుడికి చెప్తుంది. ఇద్దరూ పొద్దున్నించి పిజ్జా కొన్నవాళ్ల ఇళ్లన్నీ తిరుగుతారు. ఆ నడక, ఆ నవ్వు, ఆ ధీమా చూశాక పది నిమిషాల మాట. తర్వాత అదే దర్శకుడి 'లా చోచారా' (1960) పూర్తిగా, దాదాపు 100 నిమిషాలు. చర్చకు ఇరవై నిమిషాలు మిగులుతాయి.

అది యుద్ధంలో చిక్కుకున్న తల్లీకూతుళ్ల కథ. తల్లి చెసిరాగా మొదట ఇంకో ఇటాలియన్ నటి అన్నా మన్యానిని అనుకున్నారు, కూతురిగా సోఫియాను. మన్యాని ఒప్పుకోలేదు. అట్ల 25 ఏళ్ల సోఫియా తల్లి అయింది, సినిమాకు ఆధారమైన మొరావియా నవలలోని వయసొచ్చిన కూతురు తెర మీద పన్నెండు పదమూడేళ్ల పిల్ల అయింది. ఆమె సూట్‌కేసు తలకెత్తుకుని నడిచే తీరు గమనించమనండి. మన పల్లెల్లో చుట్టకుదురు మీద బిందె మోసే ఆడవాళ్ల నడకే: మెడ కదలదు, నడుమే పని చేస్తుంది. చివర్లో దారిన పోయే సైనికుల జీపు మీద అరిచి, రాయి విసిరి, మట్టిలో కూలబడే చోట ఆమె కన్నీళ్ల కంటే ముందు కోపం వస్తుంది. ఆ క్రమమే ఆ నటనకు ప్రాణం. 1961లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి, 1962లో ఆస్కార్. ఇంగ్లిష్ కాని భాషలో చేసిన పాత్రకు నటనలో ఆస్కార్ రావడం అదే మొదటిసారి. ఆమె వేడుకకు వెళ్లనేలేదు, రోమ్‌లోనే ఉంది. కబురు ఫోన్‌లో చెప్పింది 'హౌస్‌బోట్'లో ఆమె జోడీ కేరీ గ్రాంట్.

సబ్‌టైటిల్_సీమ:
అన్నా, నీ సబ్‌టైటిళ్ల జబ్బు ఇది. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములు. యూరప్ డిస్క్‌లో అది 25తో పరిగెత్తుతాది, అంటే 100 నిమిషాల సినిమా 96కే అయిపోతాది. సబ్‌టైటిళ్లు 24 లెక్కన (కచ్చితంగా అంటే 23.976) చేసినవి. అందుకే మొదట్లో తేడా కనపడదు, అరగంటకు నిమిషం పైన, ఆఖరుకు నాలుగు నిమిషాలు ఆలస్యం. వీఎల్‌సీ ప్లేయర్‌లో సబ్‌టైటిళ్లను ముందుకూ వెనక్కీ జరిపే జి, హెచ్ మీటలు నొక్కినా లాభం లేదు. అవి మొత్తాన్ని ఒకే దూరం జరుపుతాయి, సాగింది సాగినట్లే ఉంటాది. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఫ్రేమ్ రేటు మార్చే చోట 23.976 నుంచి 25కి పెట్టు. మొదటి మాట, ఆఖరి మాట రెండూ ఆడించి చూడు. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే అప్పుడు జి, హెచ్ పని చేస్తాయి (ఒక్క నొక్కుకు 50 మిల్లీసెకన్లు, ఆలస్యంగా పడుతుంటే జి).

తెలుగులో సొంతంగా రాస్తుంటే ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి)లో దాచు, లేకుంటే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. వత్తులు విడిపోతుంటే ప్లేయర్ సెట్టింగుల్లో తెలుగు ఫాంటు ఎంచుకో. రెండు లైన్లకు మించద్దు. మన మాటలు పొడుగు కాబట్టి చెసిరా గబగబా తిట్టే చోట సగం తిట్లు వదిలెయ్, లేకపోతే జనం ముఖం చూడకుండా అక్షరాలే చదువుతారు.

ఆ కళ్లద్దాల కుర్రాడు బెల్మొండో, ఫ్రెంచ్ నటుడు. ఆయనకు ఇటాలియన్ వేరేవాళ్లు చెప్పినారు. ఆ కాలం ఇటలీలో మాటలు తర్వాత స్టూడియోలో కలపడం మామూలే. దాన్ని సరిచెయ్యబోతే సోఫియా మాట చెడుతాది, ముట్టుకోవద్దు.

తుంగభద్ర_తెర:
పెన్నా_రీలు గారితో ఒక్క చోట విభేదిస్తాను. 'లా చోచారా'లో తల్లీకూతుళ్ల మీద చర్చిలో సామూహిక అత్యాచారం ఉంది. 1944లో కథ జరిగే చోచారియా ప్రాంతపు ఆడవాళ్ల మీద ఫ్రెంచ్ సైన్యంలోని మొరాకో దళాలు నిజంగా చేసినదే. పిల్లలతో వచ్చేవాళ్లుంటే ఆహ్వానంలోనే ఈ ముక్క రాయండి, తలుపు దగ్గర చెప్తే సరిపోదు.

పిల్లలు వస్తారనుకుంటే 'ఉనా జొర్నాతా పార్తికొలారే' (1977) వెయ్యండి, దర్శకుడు ఎత్తోరే స్కోలా. హింస లేదు, ఒకే అపార్ట్‌మెంటు. 1938 మేలో హిట్లర్ రోమ్‌కు వచ్చినప్పుడు ఒక రోజు, ఊరంతా ఊరేగింపుకు పోతే ఇంట్లో మిగిలిపోయిన ఆరుగురు పిల్లల తల్లి ఆంతొనియెత్తా. ఎదుటి వాటాలో ఉద్యోగం ఊడిన రేడియో అనౌన్సర్, మార్చెల్లో మాస్త్రొయాన్ని. అతను స్వలింగ సంపర్కుడు కావడమే ఉద్యోగం పోవడానికి కారణం. అది దాచకుండా చర్చించండి. నలిగిన ఇంటి గౌనులో, అలిసిన కళ్లతో సోఫియాను చూస్తే ఫొటోలో ఆమె ఎంత కొంచెమో తెలుస్తుంది. నా ఓటు దీనికే.

రెండు జాగ్రత్తలు. రంగు వెలిసినట్టు ఉండడం దర్శకుడు కావాలని చేసింది, ప్రింటు పాడైందనుకుని ప్రొజెక్టర్‌లో రంగు పెంచకండి. రెండోది, వెనక రేడియోలో ఊరేగింపు వ్యాఖ్యానం సినిమా పొడుగునా మోగుతుంది. హాల్లో ఫ్యాన్ల మోతలో అది మునిగిపోతే సగం కథ పోయినట్టే. లాప్‌టాప్ స్పీకర్లు చాలవు, రెండు పెద్ద స్పీకర్లు తెర పక్కనే ఉండాలి.

జీవితంలో చెప్పాల్సిన ఇంకో ముక్క పెళ్లి. నిర్మాత కార్లో పోంతికి అప్పటికే పెళ్లయింది. ఇటలీలో 1970 డిసెంబర్ దాకా విడాకుల చట్టమే లేదు. 1957లో మెక్సికోలో వకీళ్ల ద్వారా చేసుకున్న పెళ్లి ఇటలీలో ద్విభార్యత్వం కేసుకు దారితీసింది, 1962లో ఆ పెళ్లిని రద్దు చేయించుకున్నారు. ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకుని 1966లో మళ్లీ చేసుకున్నారు. ఆస్కార్ వచ్చిన ఏడాదీ, పెళ్లి రద్దయిన ఏడాదీ ఒకటే.

కడప_చదువరి:
సబ్‌టైటిళ్లు దారికొచ్చాయి, 23.976 నుంచి 25కి మార్చగానే ఆఖరి మాట కూడా కలిసింది. పెద్దవాళ్లే వస్తున్నారు కాబట్టి పిజ్జా కథ, 'లా చోచారా' ఖాయం. హెచ్చరిక ఆహ్వానంలో పెడుతున్నాం.

పెన్నా_రీలు:
మంచిది. డిస్క్ సొంతంగా కొన్నదైనా నలుగురికి వెయ్యడానికి హక్కుదారుల అనుమతి వేరుగా కావాలి, ఈరోజే మెయిల్ రాయండి, జవాబు రావడానికి వారాలు పడుతుంది. హాలుకు పడమటి కిటికీలుంటే నల్లగుడ్డ కట్టండి. ఎండ లోపలికి పడితే తెర మీద ఏమీ కనపడదు.